చీపురు పట్టిన చదువు



ఈ నెల నేను మీతో చెప్పదలచినది ప్రసంగము కాదు. నేను చేయబోయిన ఒక పొరపాటు, దాని వలన నేర్చుకొన్న ఒక సంగతి. మన సంఘములలో ఇంటర్మీడియట్ ముగించిన పిల్లలు కొందరు ఇప్పుడు టూరిజము, హోటల్ మేనేజ్‌మెంటు కోర్సులలో చేరుతున్నారు. చదువు మధ్యలో వారిని కొన్ని నెలలు పనిలోకి పంపుతారు. ఆ నెలలలో ఇంటి దగ్గర తల్లిదండ్రులు పడే బాధ నేను దగ్గరగా చూశాను. అటువంటి ఇంట్లో ఈ పుట ఎవరైనా చదివి వినిపిస్తే చాలునని వ్రాస్తున్నాను.

2022వ సంవత్సరము వేసవిలో ఒక ఆదివారము. ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయారు. మా సంఘములోని ఒక తల్లి మాత్రము మందిరపు అరుగు మీద అలాగే కూర్చుని ఉంది. నేను బయటకు రాగానే లేచి నిలబడి, "అయ్యగారండీ, ఒకసారి ఇది చూడండి" అని తన సెల్‌ఫోను నా చేతికిచ్చింది.

అందులో ఆమె కుమారుని ఫోటో ఉంది. బూడిదరంగు యూనిఫారము వేసుకొని, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు తొడుక్కొని ఉన్నాడు. ఒక చేతిలో బకెట్టు, రెండవ చేతిలో బ్రష్షు. వెనుక తెల్లగా మెరుస్తున్న లెట్రిన్. తోటి కుర్రాడెవరో సరదాకు తీసి పెట్టిన ఫోటో అది. మా అబ్బాయి నవ్వుతూనే ఉన్నాడు.

"డిగ్రీ చదువుతున్నాడనుకున్నామండీ. అక్కడ లెట్రిన్లు కడుగుతున్నాడండీ" అని ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొంది.

తండ్రి దగ్గరకు రాలేదు. వేపచెట్టు క్రింద సైకిలు పట్టుకొని నిలబడ్డాడు. నేనే వెళ్లాను. చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు. "మా నాయన ఈ ఊరి వీధులు ఊడ్చాడండి. నేను ఊడవలేదు. నా కొడుకు ఊడవకూడదనే కూలిపని చేసి చదివించాను. తిరిగి తిరిగి మళ్లీ ఆ చీపురు దగ్గరికే పోయాడు."

ఆ మాట వెనుక ఎన్ని తరముల బరువు ఉన్నదో నేను మీకు విడమరచి చెప్పనక్కరలేదు. ఇది చదివేవారిలో చాలామంది ఇండ్లలో ఆ బరువు ఉన్నది. ఆ కాలేజీలో చేర్చమని సలహా చెప్పినది నేనే. గుణగణాల పత్రము వ్రాసి ఇచ్చినదీ నేనే. నాకు తల కొట్టేసినట్లయింది. "రేపు రాత్రి బండికి వెళ్తాను. వాడిని వెంటబెట్టుకొని వస్తాను" అని మాట ఇచ్చాను.

అసలు ఆ అబ్బాయి టూరిజము చదువు ఎందుకు ఎంచుకొన్నాడో ఇక్కడ చెప్పాలి.

మాది గోదావరి గట్టు మీది ఊరు. 2019 సెప్టెంబరు 15వ తేదీ, అదీ ఆదివారమే. పాపికొండలు చూడడానికి వెళ్తున్న ఒక బోటు దేవీపట్నము మండలములోని కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగిపోయింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. ఆ ఊరి గిరిజనులు పడవలు వేసుకొని వెళ్లి చేతికి అందినవారిని లాగారు. 26 మంది బ్రతికారు. ఆ వారమంతా మా ఊరి గట్టు మీద జనము నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు. 37 రోజుల తరువాత, అక్టోబరు 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము లంగర్లు, ఇనుప తాళ్లు వేసి, గజ ఈతగాళ్ల సహాయముతో ఆ బోటును బయటకు లాగింది.

అప్పుడు మా అబ్బాయి ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. గట్టు మీద నా ప్రక్కన నిలబడి అడిగాడు. "అయ్యగారూ, యాత్రకు తీసుకెళ్లేవాళ్లలో జనాన్ని లెక్కపెట్టేవాళ్లు, జాకెట్టు తీయకండి అని గట్టిగా చెప్పేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి కదండీ. ఆ పని నేర్పే చదువేదైనా ఉంటుందా?" ఆ ప్రశ్న పట్టుకొని నేనే నలుగురిని విచారించి విశాఖపట్నములోని ఒక కాలేజీలో టూరిజము డిగ్రీలో చేర్పించాను.

చేరినది 2020లో. అది కరోనా సంవత్సరము. మొదటి సంవత్సరము చదువంతా సెల్‌ఫోనులోనే జరిగింది. హోటలు గదిలో మంచము మీద దుప్పటి మడతలు ఎలా మడవాలో ఫోనులో చూశాడు. వాళ్ల ఇంట్లో ఉన్నది నులక మంచము. విమానము టిక్కెట్టు ఎలా వ్రాయాలో ఫోనులో విన్నాడు. వాడు విమానమును ఆకాశములో తప్ప చూసి ఎరుగడు. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. కాని వాడి చేతులకు ఏ పనీ రాదు. రెండవ సంవత్సరములో 20 వారాల పని శిక్షణకు హైదరాబాదులోని ఒక పెద్ద హోటలుకు పంపారు. ఆ ఫోటో అక్కడిది.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా నిద్రపట్టలేదు. మేనేజరుతో ఏమి మాట్లాడాలో, ఎంత గట్టిగా మాట్లాడాలో మనసులో పేర్చుకొంటూనే ఉన్నాను.

ఆ హోటలుకు ముందు వైపు అద్దాల వాకిలి ఉంది. కాని పనివారి వాకిలి వెనుక సందులో ఉంది. అక్కడ కావలివాడు నా సంచి తనిఖీ చేసి, పేరు వ్రాయించుకొని, లోపలికి కబురు పంపాడు. కాసేపటికి ఆ అంతస్తు సూపర్‌వైజరు వచ్చింది. యాభై ఏళ్లు ఉంటాయి. వరంగల్ వైపు ఆమె. "మీరు పాస్టర్ సారా? పిలగాడు చెప్పిండు. రాండ్రి, కూసోండి" అని కుర్చీ చూపించింది.

నేను పేర్చుకొన్న మాటలలో మొదటిది అనేశాను. "అమ్మా, చదువుకొనే పిల్లవాడి చేత ఈ పని చేయించడము న్యాయమేనా?"

ఆమె కోపగించుకోలేదు. "సార్, మీ పిలగాడు మొదటి రోజు ఏం చేసిండో తెలుసా? కమోడ్ తుడిచిన బట్టతోనే నీళ్ల గ్లాసు తుడవబోయిండు. నేను చెయ్యి పట్టి ఆపిన. గదిల దిగేటోళ్లు ఎవరో మనకు తెల్వదు. చంటిపిల్ల ఉండొచ్చు. మందులు మింగే ముసలామె ఉండొచ్చు. ఆ గ్లాసుతోని నీళ్లు తాగుతరు. ఇది పుస్తకం చదివితే రాదు సార్. చెయ్యి పట్టి ఆపేటోళ్లు ఉండాలె" అన్నది.

తరువాత పైవారిని అడిగి, ఖాళీగా ఉన్న ఒక గది చూడడానికి నన్ను తీసుకువెళ్లింది. మా అబ్బాయి అక్కడే ఉన్నాడు. నన్ను చూసి వందనము చెప్పి, పని ఆపకుండా చేయమని ఆమె సైగ చేస్తే మొదలుపెట్టాడు.

ముందు తలుపు తట్టాడు. హౌస్‌కీపింగ్ అని పలికి ఆగాడు. మళ్లీ తట్టాడు. "లోపల ఎవరూ లేరు కదా?" అన్నాను. "ఉన్నారనుకునే తట్టాలండి" అన్నాడు. పరదాలు తీశాడు. దీపాలన్నీ వేసి ఏది వెలగడము లేదో చూశాడు. మంచము మీది బట్టలు తీసి, దిండు గలీబులోపల ఎవరిదైనా వస్తువు ఉండిపోయిందేమోనని దులిపాడు. "దొరికితే మరచిపోయిన వస్తువుల రిజిస్టరులో వ్రాసి అప్పగించాలండి. రూపాయి బిళ్ల అయినా వ్రాయాలి" అన్నాడు. స్నానాల గదిలో మందుల సీసాలు వరుసగా ఉన్నాయి. వాటికి పేర్లు లేవు, అంకెలు ఉన్నాయి. "ఆర్1 స్నానాల గదికండి, ఆర్3 అద్దాలకు, ఆర్6 కమోడుకు. ఒకదాని బదులు ఒకటి వాడితే రాయి పాడవుతుంది, ఒక్కోసారి ఊపిరే ఆడదు. గుడ్డల రంగులు కూడా వేరండి. కమోడు గుడ్డ కమోడుకే" అని చెప్పాడు. దుప్పటి మూలలు లెక్క ప్రకారము మడిచాడు. గదిలో ఒక వైపు మొదలుపెట్టి గోడ వెంబడి గుండ్రంగా తుడుచుకొంటూ వచ్చాడు. అలా తిరిగితే ఏ మూలా తప్పిపోదట. ఒక పూటలో అటువంటివి పన్నెండు, పద్నాలుగు గదులు.

నేను ఆ గది మధ్యలో నిలబడి సిగ్గుపడ్డాను. ప్రతి సంవత్సరము సిలువ శ్రమల వారములో ప్రభువు తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదములు కడిగిన సంగతి చెప్పేవాడిని నేను. పౌలు డేరాలు కుట్టి బ్రతికాడని ఎన్నిసార్లో చెప్పాను. నా సంఘములోని పిల్లవాడు బ్రష్షు పట్టిన ఫోటో చూడగానే అవన్నీ మరచిపోయి బండి ఎక్కి వచ్చాను.

మధ్యాహ్నము భోజనాల వేళ వాడే అన్నాడు. "నన్ను తీసుకెళ్లడానికి వచ్చారు కదండీ? నేను రానండీ."

"మీ నాన్న సంగతి నీకు తెలుసు కదా."

"తెలుసండి. తాత చీపురు పడితే ఆ చీపురుకు అవతల ఏమీ లేదండి. బ్రతికినంత కాలం అదే. నాకు ఈ పుస్తకం ఉందండి" అని జేబులోనుండి మడతలు పడిన ఒక నోటుపుస్తకము తీశాడు.

అది వాళ్ల లాగ్‌బుక్కు. ఏ తేదీన ఏ విభాగములో పని చేశాడు, ఏమి నేర్చుకొన్నాడు అన్నది ప్రతిరోజూ వ్రాయాలి. దాని క్రింద సూపర్‌వైజరు సంతకము పెట్టాలి. అట్ట లోపల శిక్షణ పట్టిక అంటించి ఉంది. గదుల శుభ్రత 4 వారాలు. వంటశాల 4 వారాలు. భోజనశాలలో వడ్డన 4 వారాలు. రిసెప్షను 4 వారాలు. చివర యాత్రల ఏర్పాట్లు చూసే ట్రావెల్ డెస్కు 4 వారాలు. మొత్తము 20.

నేను పేజీలు తిప్పాను. మొదటి వారము గదులు. రెండవది, మూడవది, నాలుగవది గదులు. ఐదవ వారమూ గదులే. ఆరు, ఏడు కూడా గదులే.

"ఇదేమిటి?" అన్నాను.

వాడు తల వంచుకొన్నాడు. "మనుషులు చాలడం లేదండి. కరోనా అప్పుడు ఇంటికి వెళ్లిపోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదట. ఇంకొన్నాళ్లు ఇక్కడే చెయ్యమన్నారు. రోజుకు 12 గంటలు అవుతోందండి. అడిగితే ఫెయిలు చేస్తారేమోనని అడగలేదు."

ప్రియ పాఠకులారా, అప్పుడు నాకు తండ్రి మాటలోని నిజము కనబడింది. లెట్రిన్ కడగడము అవమానమని అతడు అనుకొన్నాడు. నేనూ అనుకొన్నాను. అది పొరపాటు. కాని పనిలోకి వెళ్లినవాడు అక్కడినుండి ముందుకు కదలలేడేమోనన్న అతని భయము పొరపాటు కాదు. నాలుగు వారాలు చీపురు పట్టడము చదువు. ఐదవ వారము నుండి, మనుషులు లేరు గనుక పట్టించినది చదువు కాదు, చవకగా దొరికిన కూలి. చేసే పని ఒక్కటే, చీపురు ఒక్కటే. ఆ తేడా పనిని చూస్తే తెలియదు, పట్టికను చూస్తే తెలుస్తుంది.

నేను పోట్లాట మానుకొన్నాను. వాడి కాలేజీలో శిక్షణ చూసే అధ్యాపకునికి ఫోను చేయించాను. తరువాత కాలేజీ ఉత్తరము, పట్టిక, లాగ్‌బుక్కు తీసుకొని శిక్షణ మేనేజరు దగ్గరకు ఇద్దరమూ వెళ్లాము. మనుషులు తక్కువైనప్పుడు శిక్షణకు వచ్చినవారు సర్దుకోవాలి కదా అని ఆయన మొదట అన్నారు. "అయ్యా, మొదటి నాలుగు వారాలు వాడి కోసము. దానికి మీకు కృతజ్ఞులము. తరువాతి మూడు వారాలు మీ కోసము. ఇక వాడిది వాడికి ఇవ్వండి" అన్నాను. ఆయన కాసేపు పట్టిక చూశారు. మిగిలిన 13 వారాలను నాలుగు విభాగాలకు సర్ది వ్రాశారు. వంటశాలకు 4, తక్కిన మూడింటికి మూడేసి. సోమవారము నుండి వాడు వంటశాలలో ఉన్నాడు. ఆ పట్టికను వాళ్లు చివరిదాకా పాటించారని కూడా చెప్పాలి.

తిరుగు ప్రయాణములో నాకు నా సొంత శిక్షణ గుర్తుకు వచ్చింది.

నేను థియాలజీ డిప్లొమా చదివే రోజులలో చివరి సంవత్సరము ఆరు నెలలు ఒక పల్లెలో పెద్ద పాస్టరుగారి దగ్గర ఉండాలి. మొదటి ఆదివారమే ప్రసంగము ఇస్తారని నోట్సు వ్రాసుకొని వెళ్లాను. ఆయన నాకు చీపురు ఇచ్చి మందిరము ఊడ్చి చాపలు పరచమన్నారు. రెండు నెలలు నేను చేసింది అదే. మూడవ నెలలో ఒక ఇంట్లో పసిబిడ్డ చనిపోయింది. భూస్థాపన ఆరాధన నన్ను జరిపించమన్నారు. క్రమమంతా నాకు కంఠతా వచ్చు. కాని ఆ తల్లి బిడ్డను ఒడిలోనుండి వదలడము లేదు. నేను పుస్తకము తెరచి పట్టుకొని నిలబడిపోయాను. పెద్ద పాస్టరుగారు వచ్చి ఆమె ప్రక్కన నేల మీద కూర్చొన్నారు. ఏమీ మాట్లాడలేదు. అరగంట అలాగే కూర్చొన్నారు. ఆ తరువాత ఆమె తానే బిడ్డను ఆయన చేతులలో పెట్టింది. సమాధి దగ్గరకు వెళ్లగానే ఆయన చేసిన మొదటి పని, గుంట త్రవ్విన ఇద్దరికి మంచినీళ్లు తెప్పించడము. ఆ అరగంట ఏ పుస్తకములోనూ లేదు. ఆ నీళ్లు ఏ క్రమములోనూ లేవు. ఆయన ప్రక్కన నిలబడి ఉండకపోతే నేను నేర్చుకొనేవాడిని కాదు.

నాకు అటువంటి గురువు దొరికాడు గనుక ఊడ్చిన రెండు నెలలు చదువైనాయి. ఆయన ఆరు నెలలూ చాపలే పరిపించి పంపివేసి ఉంటే? చదువుకు వచ్చిన ప్రతి పిల్లవాడి విషయములో అడగవలసిన ప్రశ్న ఇదేనని నాకు తోచింది. వీడికి ప్రక్కన నిలబడి నేర్పేవారు ఉన్నారా? నేర్చుకొన్న తరువాత ముందుకు పంపేవారు ఉన్నారా?

ఊరికి వచ్చి ఆ తండ్రికి జరిగినదంతా చెప్పాను. "నేను తీసుకొనిరాలేదు, క్షమించు" అన్నాను. అతడు చాలాసేపు మౌనముగా ఉన్నాడు. తరువాత, "ఏరోజు పని ఆరోజు రాసే పుస్తకం ఉందంటారా?" అని అడిగాడు. ఉందన్నాను. "అందులో పెద్దోళ్లు సంతకాలు పెడతారా?" అన్నాడు. పెడతారన్నాను. "మా నాయనకు ఎవరూ సంతకం పెట్టలేదండి" అన్నాడు. అంతే, మరి మాట్లాడలేదు. తల్లి మాత్రము ఆ ఫోటోను ఫోనులోనుండి తీసివేయలేదు.

మిగిలిన వారాలలో వాడు నేర్చుకొన్నవి సెలవులకు వచ్చినప్పుడు నాకు చెప్పేవాడు. వంటశాలలో కోసే పలకలకు రంగులు ఉంటాయి. పచ్చి మాంసానికి ఎరుపు, చేపకు నీలము, కూరగాయలకు ఆకుపచ్చ. వండిన ఆహారము 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య వేడిలో ఎక్కువసేపు ఉంటే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మా సంఘ ప్రేమవిందులో ఉదయము వండిన కోడికూరను సాయంత్రము దాకా గిన్నెలో ఉంచవద్దని మా ఆడవారికి చెప్పినది వాడే. రిసెప్షనులో విదేశీయుడు దిగితే సి-ఫారము 24 గంటలలోగా అధికారులకు పంపాలని నేర్చుకొన్నాడు. ట్రావెల్ డెస్కులో చివరి మూడు వారాలు వాడికి అన్నిటికంటె ఇష్టము. బస్సు కదలకముందు లెక్క, దిగిన తరువాత లెక్క, మళ్లీ ఎక్కాక లెక్క. పేర్ల పట్టిక ఒకటి చేతిలో, ఒకటి ఆఫీసులో. డ్రైవరు రాత్రి నిద్రపోయాడా లేదా అడగడము. దారిలో ఏ ఊరిలో ఆసుపత్రి ఉందో ముందే వ్రాసుకోవడము. "వెనుక సీటులో నిద్రపోతున్న ముసలాయన లెక్కలో రాలేదండి. అప్పటినుండి తల చూసి కాదు, పేరు పిలిచి లెక్కపెడుతున్నాను" అన్నాడు ఒకసారి.

ఇప్పుడు తల్లిదండ్రులకు కొన్ని మాటలు.

ఈ చదువులో పని శిక్షణ అనేది కాలేజీవారు దయతలచి ఇచ్చేది కాదు. అది పాఠములో భాగము. 1982లో ఏర్పడిన జాతీయ హోటల్ మేనేజ్‌మెంటు మండలి క్రింద నడిచే సంస్థల డిగ్రీలో రెండవ సంవత్సరములో 17 వారాల శిక్షణ పాఠ్యప్రణాళికలోనే ఉంటూ వచ్చింది. హైదరాబాదులోని హోటల్ మేనేజ్‌మెంటు సంస్థ ఆ మండలి క్రిందిదే. తిరుపతిలో రాష్ట్ర సంస్థ ఉంది. యాత్రల నిర్వహణ నేర్పే కేంద్రప్రభుత్వ సంస్థకు నెల్లూరులో శాఖ ఉంది. హైదరాబాదు గచ్చిబౌలిలో పర్యాటక, ఆతిథ్య నిర్వహణ నేర్పే మరొక సంస్థ ఉంది. మీ బిడ్డను ప్రైవేటు కాలేజీలో చేర్చేముందు ఒకసారి వీటిని కూడా విచారించండి.

ఎక్కడ చేర్చినా ఈ ప్రశ్నలు అడగండి. శిక్షణ ఎన్ని వారాలు? ఏ విభాగములో ఎన్ని? ఆ పట్టిక వ్రాతపూర్వకముగా ఇస్తారా? రోజుకు ఎన్ని గంటలు, వారానికి సెలవు ఉందా? భోజనము, బస ఎవరిది? నెలకు ఎంతో కొంత ఇస్తారా? మా అబ్బాయికి నెలకు 3,000 రూపాయలు ఇచ్చారు, గది అద్దెకు కూడా సరిపోలేదు. ఇంటినుండి ఎంత పంపవలసి వస్తుందో ముందే లెక్క వేసుకోండి. కాలేజీనుండి అధ్యాపకుడు శిక్షణ మధ్యలో ఒకసారైనా వెళ్లి చూస్తారా? చదువు కాగానే ఇంత జీతము, విదేశములో ఉద్యోగము అని చెప్పేవారి మాటలకంటె ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు ముఖ్యము.

ఆడపిల్లలను పంపేవారు మరికొన్ని అడగాలి. రాత్రి పని ఉంటుందా? ఉంటే బసకు చేర్చే వాహనము ఎవరిది? పనిచేసే చోట స్త్రీలను వేధించడము గురించిన 2013 నాటి చట్టము శిక్షణకు వచ్చిన పిల్లలకు కూడా వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు వినే కమిటీ ఉండి తీరాలి. ఆ కమిటీలో ఎవరున్నారో మొదటి రోజే తెలుసుకొమ్మని మీ అమ్మాయికి చెప్పండి. భయపడి పంపకుండా ఉండడమూ వద్దు, ఏమీ అడగకుండా పంపడమూ వద్దు.

ఇక పిల్లలకు ఒక్క మాట. ఆ లాగ్‌బుక్కును పరీక్ష ముందు రోజు రాత్రి కూర్చుని నింపే పుస్తకముగా చూడకండి. ఏ రోజు సంతకము ఆ రోజు తీసుకోండి. మీకు అన్యాయము జరిగినప్పుడు మీ పక్షాన మాట్లాడేది అదే. మా అబ్బాయి పుస్తకములో ఐదవ వారము, ఆరవ వారము అని తేదీలతో సహా లేకపోతే ఆ మేనేజరు ముందు నేను ఏమి చూపించేవాడిని?

మరొక సంగతి కూడా దాచకూడదు. మా అబ్బాయితో పాటు వెళ్లినవారిలో కొందరు శిక్షణ ముగిశాక ఈ రంగమే వద్దనుకొన్నారు. పండుగనాడు అందరూ ఇంటి దగ్గర ఉంటే వీరు పనిలో ఉండాలి. క్రిస్మస్ రాత్రి మా అబ్బాయి తల్లి మందిరములో వాడి స్థలము ఖాళీగా ఉందని ఏడ్చింది. ఇది తనకు సరిపడని పని అని డిగ్రీ చేతికి రాకముందే తెలుసుకొన్న పిల్లవాడు కూడా ఆ శిక్షణ వలన మేలు పొందినవాడే. అతనిని ఓడిపోయినవాడని అనకండి.

మా అబ్బాయి 2023లో డిగ్రీ ముగించి, ఇప్పుడు రాజమహేంద్రవరములో యాత్రలు నడిపే ఒక చిన్న ఆఫీసులో పని చేస్తున్నాడు. జీతము గొప్పది కాదు. తండ్రి ఇంకా కూలికి వెళ్తూనే ఉన్నాడు, కాని అప్పు తీరింది.

2024 జనవరిలో మా సంఘములోని నలభై మందిమి పాపికొండలకు వెళ్లాము. గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కాలి. ఏర్పాట్లన్నీ వాడివే. ఒడ్డున నిలబడి పట్టిక చూసి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. పాస్టరునని నన్ను వదలలేదు, నా పేరూ పిలిచాడు. తండ్రి వంతు వచ్చింది. లైఫ్ జాకెట్టు తానే తొడిగి, ముందు పట్టీలు ఒక్కొక్కటి లాగి బిగించాడు.

"బిగుతుగా ఉందిరా" అన్నాడు తండ్రి.

"బిగుతుగానే ఉండాలి నాన్నా. దిగేదాకా తీయకూడదు."

బోటు కచ్చులూరు దాటుతున్నప్పుడు ఎవరూ మాట్లాడలేదు. కొందరు ఎండకు ఉక్కపోసి పట్టీలు వదులు చేసుకోబోయారు. ఆ తండ్రి లేచి నిలబడి, "తీయకండి. మావాడు తీయొద్దన్నాడు" అని గట్టిగా అన్నాడు.